హెలెన్ ఎందుకు వెళ్లిపోలేదు? – మీరు అడిగారు, అక్క చెప్పింది

పోయిన సంచికలో రేడియో సీరియల్స్ గురించి రాస్తూ, బీబీసీ రేడియో 4లో వచ్చే ‘ది ఆర్చర్స్’లో హెలెన్‌ని భర్త రాబ్ హింస పెట్టిన కాపురం గురించి ఓ చిన్న పేరా రాశాను. అంతే, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దాని మీదే! కథలో ముఖ్య ఘట్టం ఎప్పుడో 2016లో అయిపోయింది, అయినా కోపాలు చల్లారలేదు. సరే, ఈ నెల పెళ్లిళ్లు, వీసాలు, పిల్లల చదువుల ప్రశ్నలు పక్కన పెట్టి ఇదొక్కటే మాట్లాడుకుందాం.

అక్కా, మేం ఈ దేశం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆఫీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ రాబ్ పేరెత్తితే చాలు తిట్టడం మొదలుపెడతారు. ఎవరీ రాబ్? – బర్మింగ్‌హామ్ నుంచి

అయ్యో, ఆ సీరియల్ రికార్డ్ చేసేది మీ ఊళ్లోనేనమ్మా! ఆంబ్రిడ్జ్ అని ఒక కల్పిత పల్లెటూరు, అక్కడి రైతు కుటుంబాల కథ. 1951 జనవరి 1 నుంచి దేశమంతా వస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండికి కరువుగా ఉన్న రోజుల్లో రైతులకి కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పాలని మొదలుపెట్టారు, అందుకే ఇప్పటికీ ప్రేమలూ తగాదాల మధ్యలో ఆవుల రోగాల గురించి కూడా వినాల్సి వస్తుంది. ఒక్కో ఎపిసోడ్ పదమూడు నిమిషాలు, అంతే.

రాబ్ టిచెనర్ 2013లో ఆ ఊరికి పెద్ద డెయిరీ మేనేజర్‌గా వస్తాడు. మనిషి అందగాడు, మాట తీపి. హెలెన్‌కి సొంతంగా జున్ను చేసే వ్యాపారం, ఒక షాపు, వీర్యదాత ద్వారా కన్న కొడుకు హెన్రీ ఉంటారు, ఎవరి మీదా ఆధారపడే మనిషి కాదు. 2015లో ఇద్దరికీ పెళ్లవుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా, వినేవాళ్లకి కూడా ముందు తెలియనంత నెమ్మదిగా, ఆమె చేతిలోంచి ఒక్కొక్కటీ జారిపోతుంది: షాపు, కారు, స్నేహితులు, చివరికి తన జ్ఞాపకశక్తి మీద తనకున్న నమ్మకం. 2016 ఏప్రిల్ 3 ఆదివారం ఎపిసోడ్‌లో, నిండు గర్భిణిగా ఉన్న హెలెన్ ఇల్లు వదిలి వెళ్తానంటుంది, రాబ్ ఆమె చేతిలో కత్తి పెట్టి చచ్చిపొమ్మంటాడు, ఇంతలో పిల్లాడు లేచి వస్తాడు, ఆమె అదే కత్తితో రాబ్‌ని పొడుస్తుంది. వాడు బతికాడు, ఆమె జైలుకెళ్లింది, కడుపులో బిడ్డని అక్కడ ఉండగానే కన్నది. సెప్టెంబర్‌లో కేసు విచారణ. మీ ఆఫీసువాళ్లు తిట్టేది ఈ మహానుభావుణ్ణే.

నేను అప్పట్లో వినడం మానేశాను. రెండున్నరేళ్లు సాగదీసి చంపారు. సాయంత్రం ఏడింటికి వంట చేసుకుంటూ హాయిగా వినే ప్రోగ్రాం, దాన్ని నరకం చేశారు. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారా, లేక నేనే సున్నితమా? – రెడింగ్ నుంచి

బోలెడు మంది ఉన్నారు, మీరు ఒంటరి కాదు. అప్పట్లో లిజనర్స్ రెండు ముక్కలయ్యారు. ఒకరు “ఇది మా ఆర్చర్స్ కాదు, పూల పోటీలూ పందులూ ఎక్కడికి పోయాయి” అని బీబీసీకి ఫిర్యాదులు రాసినవాళ్లు. ఇంకొకరు రేడియో ముందు నిలబడి రాబ్ మీద అరిచినవాళ్లు. ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్లు బయటికి ఏమీ అనలేదు, వంటింట్లో స్టవ్ కట్టేసి కూర్చుండిపోయారు, ఎందుకంటే వింటున్నది వాళ్ల ఇంటి కథే. ఆ రోజుల్లో గృహహింస హెల్ప్‌లైన్లకి కాల్స్ పెరిగాయని వార్తలొచ్చాయి కూడా.

సాగదీత సంగతి. నాకూ మధ్యలో విసుగొచ్చింది, కాదనను. కానీ ఈ కథని ఆరు వారాల్లో చెబితే ఏమయ్యేది? మొదటి వారం మంచివాడు, మూడో వారం చెడ్డవాడు, ఆరో వారం కత్తి. అప్పుడు మనందరం “ముందే తెలిసిపోయిందిగా, ఇంత తెలివితక్కువదా హెలెన్” అనుకుని రేడియో కట్టేసేవాళ్లం. సాగదీశారు కాబట్టే మనం కూడా మోసపోయాం. మొదట్లో రాబ్ అంటే ఇష్టపడ్డ శ్రోతలు చాలామంది, “పాపం హెలెన్‌కి ఇన్నాళ్లకి మంచి సంబంధం దొరికింది” అని. వాళ్లే తర్వాత నాలుక కరుచుకున్నారు. ఆ నాలుక కరుచుకోవడం ఆరు వారాల్లో రాదు.

ఇంకో విషయం, ఇది రేడియో కావడం వల్లే ఇంతగా పట్టుకుందని నా అభిప్రాయం. టీవీలో అయితే నల్లగా కమిలిన కన్ను చూపిస్తారు, మనకి అర్థమైపోతుంది. ఇక్కడ కమిలిన కన్ను లేదు, ఉన్నదల్లా గొంతులే. హెలెన్ వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆపేయడం, జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగడం, “సారీ” అనే మాట వారం వారం పెరగడం. లూయిజా పాటికస్ అనే నటి ఆ గొంతుని ఎంత మెల్లగా చిన్నది చేసుకుంటూ వచ్చిందో, పాత ఎపిసోడ్ ఒకటి విని వెంటనే 2016 ఎపిసోడ్ వింటే ఇద్దరు వేరే మనుషులనిపిస్తుంది.

అక్కా కోపం తెచ్చుకోకండి, నాకు హెలెన్ మీదే కోపం వచ్చింది. చదువుకుంది, డబ్బుంది, అమ్మానాన్నా పక్కనే ఉన్నారు, చెంప మీద కొట్టిన రోజే బయటికి నడవాల్సింది కదా. నేనైతే ఒక్క పూట ఉండను. – లెస్టర్ నుంచి

కోపమెందుకమ్మా, ఎక్కువమంది అన్నది ఇదే. గమనించారా, మనం రాబ్‌ని “ఎందుకు చేస్తున్నావురా” అని అడగడం కంటే హెలెన్‌ని “ఎందుకు ఉంటున్నావు” అని ఎక్కువసార్లు అడిగాం.

చెంపదెబ్బ వరకూ వచ్చేసరికి ఆమె దగ్గర ఏం మిగిలిందో చూడండి. కారు విషయమే తీసుకోండి. చిన్న యాక్సిడెంట్ అవుతుంది, పెద్దదేం కాదు. ఆ తర్వాత రాబ్ “నువ్వు కారు నడపకూడదు” అని ఆర్డర్ వెయ్యడు, అలా వేస్తే ఆమె గొడవపడేది. నువ్వు అలిసిపోతున్నావు, నేను దింపుతాగా, కడుపుతో ఉన్నావు కదా అనే ధోరణి. విన్నవాళ్లెవరైనా ఎంత బాగా చూసుకుంటున్నాడో అనే అంటారు. కానీ పల్లెటూళ్లో కారు లేకపోతే ఎక్కడికెళ్లాలన్నా అతన్ని అడగాలి, ఎందుకో చెప్పాలి, ఎప్పుడొస్తావో చెప్పాలి. స్నేహితురాలు కిర్‌స్టీని కలవడం అలాగే తగ్గిపోయింది. షాపు కూడా అంతే, నీకు రెస్ట్ కావాలంటూ తను చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా విడిగా చూస్తే నేరం కాదు, అదే దీంట్లో ఉన్న దెబ్బ.

ఇక అమ్మానాన్నలు. ప్యాట్, టోనీ మంచివాళ్లే, పక్కనే ఉన్నారు, నిజమే. కానీ హెలెన్‌కి పూర్వం తిండి మానేసే జబ్బు ఉండేది, ఆ సంగతి ఇంట్లో అందరికీ భయం. రాబ్ దాన్నే పట్టుకున్నాడు. మీ అమ్మాయి మళ్లీ మామూలుగా లేదు, మర్చిపోతోంది, నాకు దిగులుగా ఉంది అని వాళ్లకి ముందే చెప్పి పెట్టాడు. ఇప్పుడు ఆమె వెళ్లి “అమ్మా, ఇతను నన్ను ఇలా చేస్తున్నాడు” అంటే వాళ్లు ఎవరిని నమ్ముతారు? పైగా తన తల్లి ఉర్సులాని తెచ్చి ఇంట్లో పెట్టాడు, సాయానికని. రాబ్ తనని రేప్ చేశాడన్న మాట కేసు కోర్టు దాకా వచ్చాకగానీ ఆమె నోట రాలేదు.

మనం మాత్రం ఆ ఇంట్లో గోడల లోపల కూర్చుని అన్నీ విన్నాం. ఊళ్లోవాళ్లకి వినిపించింది క్రికెట్ ఆడే పెద్దమనిషి గొంతు మాత్రమే. అందుకే మనకంత తేలిగ్గా “ఒక్క పూట ఉండను” అనిపిస్తుంది. ఇంకొకటి, సీరియల్ ఇక్కడ తప్పు చెప్పలేదు, ఇలాంటి కాపురాల్లో ప్రమాదం ఎక్కువగా ఉండేది వెళ్లిపోయేటప్పుడూ, వెళ్లిపోయిన కొత్తల్లోనూ. కత్తి పడిన రోజు ఏ రోజో గుర్తు చేసుకోండి, ఆమె వెళ్తానని చెప్పిన రోజే.

మగాడిగా అడుగుతున్నా. కత్తితో పొడిచిన మనిషిని నిర్దోషి అని వదిలేశారు, జనం చప్పట్లు కొట్టారు. ఇదేం న్యాయం? భార్య తిట్టిందని రేపు నేను పొడిస్తే వదులుతారా? – మిల్టన్ కీన్స్ నుంచి

తిట్టిందని పొడిస్తే వదలరు తమ్ముడూ, హెలెన్‌ని వదిలింది కూడా తిట్టాడని కాదు. ఆమె మీద రెండు అభియోగాలు, హత్యాయత్నం ఒకటి, కావాలని తీవ్రంగా గాయపరచడం ఇంకోటి. 2016 సెప్టెంబర్ 11న గంటసేపు స్పెషల్ ఎపిసోడ్ వేశారు, మొత్తం జ్యూరీ (దోషా కాదా తేల్చే మామూలు జనం) గదిలోనే. కేథరిన్ టేట్, ఐలీన్ ఆట్కిన్స్, నైజెల్ హావర్స్ లాంటి పెద్ద నటులని జ్యూరీ సభ్యులుగా పెట్టారు, వాళ్లు మీరడిగిన ప్రశ్నే పట్టుకుని గంటసేపు కొట్టుకున్నారు. “ఫోన్ ఉందిగా, పోలీసులని పిలవొచ్చుగా” అన్నవాళ్లూ ఉన్నారు అందులో. చివరికి తనని, పిల్లాణ్ణి కాపాడుకోవడానికే పొడిచిందని నమ్మి నిర్దోషి అన్నారు. రాబ్ మొదటి భార్య జెస్ వచ్చి సాక్ష్యం చెప్పడం కూడా కలిసొచ్చింది. అంత తేలిగ్గా వదలడం బయట జరుగుతుందా అంటే, నాకూ కథ కొంచెం దయ చూపించిందనే అనిపించింది.

ఎందుకంటే బయటి కేసులు చూడండి. కిరణ్‌జిత్ అహ్లూవాలియా అనే పంజాబీ ఆవిడ ఏళ్ల తరబడి దెబ్బలు తిని 1989లో నిద్రపోతున్న భర్త మీద నిప్పంటించింది, అతను చనిపోయాడు. యావజ్జీవం వేశారు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంస్థ పోరాడితే 1992లో ఆ శిక్ష కొట్టేశారు. శాలీ చాలెన్ 2010లో భర్తని చంపింది, అదుపులో పెట్టి బతికించడం అనే కోణాన్ని ఆమె లాయర్లు లేవనెత్తి, కొత్త మానసిక వైద్య సాక్ష్యం చూసి కోర్టు హత్య తీర్పుని కొట్టేసేసరికి 2019 వచ్చింది. అన్నేళ్లు జైల్లోనే. కాబట్టి పొడిచినవాళ్లందరినీ చప్పట్లు కొట్టి ఇంటికి పంపడం ఏమీ జరగట్లేదు.

చట్టం మగవాళ్లకి వ్యతిరేకం కూడా కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 డిసెంబర్ 29 నుంచి, అంటే సీరియల్ నడుస్తుండగానే, భార్యనో భర్తనో కుటుంబంలో మనిషినో పదేపదే భయపెట్టి అదుపులో పెట్టుకోవడం నేరం, అయిదేళ్ల దాకా జైలు. పెట్టేది ఆడైనా మగైనా ఒకటే. ఒక్కసారి గట్టిగా అరిస్తే పట్టుకుపోతారని భయపడకండి. అది మళ్లీ మళ్లీ జరగాలి, దానివల్ల అవతలి మనిషి భయంతోనో, రోజువారీ బతుకు తలకిందులై పోయేంత వేదనతోనో ఉండాలి. 2023 నుంచి విడిపోయి వేరే ఇంట్లో ఉన్న మాజీలకి కూడా ఇది వర్తిస్తుంది.

లేని మనిషి కోసం చందాలు వేశారట, నిజమా? వీళ్లకి పనేం లేదా? – కార్డిఫ్ నుంచి

నిజమే. 2016 ఫిబ్రవరిలో ఒక శ్రోత హెలెన్ పేరు మీద రెస్క్యూ ఫండ్ అని పెట్టాడు, వచ్చిన డబ్బంతా గృహహింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే రెఫ్యూజ్ అనే సంస్థకి. 1,50,000 పౌండ్లు దాటింది. డబ్బు చేరింది ఉన్న మనుషులకే కాబట్టి నాకు నవ్వు రాలేదు. ఈ సీరియల్ శ్రోతలకి ఇదేం కొత్త కాదు లెండి, 1955 సెప్టెంబర్ 22న గ్రేస్ అనే పాత్రని అగ్నిప్రమాదంలో చంపేస్తే బీబీసీకి ఫోన్లు ఆగలేదు, పువ్వులు కూడా పంపారు. అదే రాత్రి బీబీసీకి పోటీగా ఐటీవీ అనే టీవీ ఛానెల్ మొదలైంది, దాని ప్రారంభోత్సవాన్ని వెనక్కి నెట్టేశారు!

మా అత్తగారికి రాబ్ ఇష్టం. “ఇల్లు క్రమశిక్షణగా ఉంచాడు” అంటున్నారు. ఏం చెప్పను? – వెంబ్లీ నుంచి

ఉర్సులా ఉన్న ఎపిసోడ్లు వినిపించండి. ఇంకేం చెప్పకండి.

పేరూ ఊరూ వద్దు అక్కా. నా ఫ్రెండ్ ఒకామె ఉంది, భర్త డిపెండెంట్‌గా వచ్చింది. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది, కార్డు అతని దగ్గరే, గుడికి వచ్చినా పక్కనే నిలబడతాడు, అతను చాలా మర్యాదస్తుడు, మా అందరికీ టీ కూడా అతనే తెచ్చిస్తాడు. హెలెన్ కథ చదివాక నిద్ర పట్టట్లేదు. వెళ్లి అడగనా? నేనే ఊహించుకుంటున్నానేమో.

అడగండి, కానీ అతను లేనప్పుడు, ఎదురెదురుగా. మెసేజ్‌లో వద్దు, ఆ ఫోన్ ఎవరు చూస్తున్నారో మనకి తెలియదు. “మీ ఆయన మంచివాడు కాదు” అని మొదలుపెట్టకండి, ఆమె వెంటనే అతన్ని వెనకేసుకొస్తుంది, ఇంటికెళ్లి ఆ మాట చెప్పినా చెబుతుంది. ఎలా ఉన్నావు, ఈమధ్య నీతో ఒంటరిగా మాట్లాడి చాలా రోజులైంది అనండి, అంతే, తర్వాత మీరు మాట్లాడకండి. మొదటిసారి ఏమీ లేదనే అంటుంది. సరే అని వదిలేసి మళ్లీ కలవండి. వెళ్లిపొమ్మని ఒత్తిడి పెట్టకండి, ఆ టైం ఎప్పుడో ఆమెకే తెలుస్తుంది. కిర్‌స్టీ చేసిన మంచి పని అదే, ఎన్నిసార్లు మొహం మీద తలుపు వేసినా ఆవిడ పోలేదు.

మీరు ఊహించుకుంటున్నారో లేదో తేల్చుకోవడానికి మీరే కాల్ చెయ్యొచ్చు, స్నేహితుల కోసం చేసేవాళ్లు చాలామంది. నేషనల్ డొమెస్టిక్ అబ్యూజ్ హెల్ప్‌లైన్ 0808 2000 247, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, మీ పేరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు రాకపోతే దుబాసీని అడగొచ్చు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 999. మాట్లాడే వీలు లేకపోతే మొబైల్ నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు, ఇది ల్యాండ్‌లైన్‌లో పనిచెయ్యదు. దాన్ని బట్టి మీరెక్కడున్నారో వాళ్లకి కచ్చితంగా తెలిసిపోదు, కాబట్టి దగ్గో, ఫోన్ మీద తట్టడమో, ఏదో ఒకటి చేసి జవాబివ్వాలి. ఈ ముక్క ఆమెకి నోటితోనే చెప్పండి, రాసివ్వకండి.

వీసా భయం అతని చేతిలో పెద్ద ఆయుధం, “నన్ను వదిలితే నిన్ను పంపించేస్తారు” అని చెప్పే ఉంటాడు. అతను చెప్పాడు కాబట్టి అదే నిజమని నమ్మొద్దనండి. బ్రిటిష్ పౌరుల భార్యలుగా వచ్చినవాళ్లకి ఇలాంటప్పుడు విడిగా సెటిల్‌మెంట్‌కి (ఇక్కడే స్థిరంగా ఉండే అనుమతికి) అప్లై చేసే దారి ఉంది, వర్క్ వీసా డిపెండెంట్లకి రూల్స్ వేరు, అందుకని ఆమె వీసా ఏదో కనుక్కుని ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించండి, ఆ లాయర్ భర్త తరఫు చుట్టం మాత్రం కాకూడదు. పాస్‌పోర్ట్, 2024 దాకా ఇచ్చిన పాత బీఆర్పీ (వీసా కార్డు) ఉంటే దాని ఫొటోలు మీ దగ్గర దాచి పెడతానని అడగండి, ఒప్పుకుంటే ఆమె ఫోన్‌తో కాదు, మీ ఫోన్‌తో తీయండి.