ఆదివారం తరువాతి ఆరు రోజులు

ప్రభుత్వ కార్యాలయంలో కొత్తగా గుమాస్తాగా చేరిన మీరు, సాయంత్రం బల్లల మీద పంచే లంచాల 'వాటా'ను వద్దన్నందుకు తోటివారు మాట తగ్గించారని రాశారు. క్రైస్తవ విశ్వాసం ఆరాధనతో ఆగిపోకుండా ఇంట్లో, ఉద్యోగంలో, పౌరజీవితంలో ఎలా కనిపించాలో అనుభవమున్నవారు చెప్పమని అడిగారు. నేను ప్రకాశం జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని, ఒక బాప్టిస్టు సంఘంలో సభ్యుణ్ని. వేదాంతం చదువుకున్నవాణ్ని కాను గనుక, చూసినదీ చేసినదీ చేయలేకపోయినదీ మాత్రమే చెబుతాను.

నాకు మొదటి పాఠం మా అమ్మ దగ్గర దొరికింది. మా సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, బల్లారాధన (ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) జరిగేది. దాని ముందు శనివారం సాయంత్రం అమ్మ ఆ నెలలో ఎవరింటి నుంచి ఏది బదులు తెచ్చిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుని తిరిగి ఇచ్చి వచ్చేది. మానిక అంచుకు సమంగా చేత్తో చదును చేసి తెచ్చిన బియ్యాన్ని, తిరిగి ఇచ్చేటప్పుడు పైన గోపురంలా నిలిచేటట్టు పోసేది. దారిలో నాలుగు గింజలు ఒలికితే వంగి ఏరి, ఊది, మళ్లీ మానికలోనే వేసేది. తెచ్చినంతే ఇస్తే సరిపోదా అని ఒకసారి అడిగాను. "మనకిచ్చిన రోజున వాళ్లింట్లోనూ కుండ నిండుగా లేదు, అయినా ఇచ్చారు గదరా" అంది. మేక చేలో పడిందని పక్కింటావిడతో మాటా మాటా వచ్చిన నెలలో అయితే, ఆవిడ తలుపు తీసేదాకా చీకటి పడ్డాక కూడా ఆ అరుగు మీదనే కూర్చుంది. కానుకను బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు మాట మత్తయి సువార్తలో ఎన్నో అధ్యాయమో ఆమెకు తెలియదు, ఎందుకంటే ఆమెకు చదువు రాదు. కాని ఆ మాట ప్రకారం శనివారం ఏం చేయాలో మాత్రం తెలుసు.

మా ప్రాంతంలో క్రైస్తవ్యం మొదలైనదే ఇలాంటి పనిదినపు విషయాలతో. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గర తొలిగా బాప్తిస్మం పొందినవారిలో యెర్రగుంట్ల పేరయ్య అనే తోలు వర్తకుడు ఒకరు. ఆ రోజుల్లో మాదిగ పల్లెల్లో కొత్త విశ్వాసులు పాటించవలసినవిగా మూడు నియమాలు చెప్పేవారు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈనాడు చదివితే ఇవి మతాచారాల్లా కనిపిస్తాయి గాని, వెట్టిచాకిరీ చేసే మనిషి ఆదివారం రానని చెప్పడమంటే ఆసామిని ఎదిరించడమే, చచ్చిన గొడ్డును ముట్టనని చెప్పడమంటే ఊరు తనకు కేటాయించిన స్థానాన్ని కాదనడమే. అందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు.

1876 నుంచి 1878 దాకా కరువు పట్టినప్పుడు, ఇంజనీరింగ్ పని తెలిసిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చి తవ్వించాడు. మా పూర్వీకులు అక్కడ మట్టితట్టలు మోశారని మా నాయనమ్మ చెప్పేది. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే సంగతి వేరొకటి ఉంది. కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ విశ్వాసి కాకూడదని. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. దానికి ముందు ఆగిన నెలల గురించి కూడా మన పిల్లలకు చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక మా ఇంటినే ఎక్కువ పరీక్షించిన విషయానికి వస్తాను. బడిలో నన్ను చేర్చిన రోజున ప్రధానోపాధ్యాయుడు మతం అడిగితే మా నాన్న "క్రైస్తవులం" అన్నాడు, అలాగే రాశారు. నాలుగేళ్ల ముందు మా అన్నను చేర్చినది మేనమామ. ఆయన ఏం చెప్పాడో తెలియదు గాని, అన్న రికార్డులో 'హిందూ' అని పడింది. ఒక్క కడుపున పుట్టి, ఒకే చాప మీద మోకరించి కుటుంబ ప్రార్థన చేసిన ఇద్దరు పిల్లలం ప్రభుత్వ లెక్కలో రెండు వేర్వేరు వర్గాలకు చెందినవాళ్లమైపోయాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గాని క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో 'సీ' వర్గం) కింద ఉంచి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పల్లె మారలేదు, బావి మారలేదు, ఊరు పిలిచే పిలుపు మారలేదు, కాగితం మాత్రం మారింది.

అన్నకు ఉద్యోగం త్వరగా వచ్చింది. నాకు రెండుసార్లు తప్పి, మూడోసారి వచ్చింది. ఇది చదివి నేను నిజాయితీపరుణ్ని, అన్న కాదు అని మీరు అనుకుంటే నేను అబద్ధం చెప్పినట్టే అవుతుంది, ఎందుకంటే నేను బి.ఇడి. చదివినది ఆ అన్న జీతంతోనే. నా కాగితం నిజంగా నిలబడిందంటే, దాని ఖర్చు మా అన్న కాగితం భరించింది. ఈ సంగతి తెలిసినందువల్లనే, ఎస్సీ పత్రంతో బతుకుతూ ఆదివారం వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే సహోదరుణ్ని చూసినప్పుడు నాకు తీర్పు చెప్పాలని అనిపించదు. అతని మెడ మీద ఆ భారం పెట్టినది ముందు చట్టం, ఆ తరువాతనే అతని బలహీనత.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసిన సంవత్సరం, కుల ధృవీకరణ పత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్లాం. "మాష్టారూ, ఎస్సీ అని పెట్టేద్దామా? అందరూ అలాగే పెడుతున్నారు" అని అక్కడి కుర్రవాడు సహాయం చేసే ఉద్దేశంతోనే అడిగాడు. దరఖాస్తు ఫారం చేతిలో పట్టుకుని బయట వేపచెట్టు కింద నేనూ అమ్మాయీ అరగంట నిలబడ్డాం. ఏది రాస్తే ఏ ర్యాంకు దాకా సీటు రావచ్చో ఇద్దరికీ తెలుసు. నేను సలహా ఇవ్వకుండా, అన్న సంగతి, నా సంగతి, చట్టం సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "క్రిస్మస్ నాటకంలో ప్రతి ఏడూ మరియ వేషం వేసిన నేను ఇక్కడ క్రైస్తవురాలిని కానని ఎలా రాస్తాను నాన్నా" అని, తన చేత్తోనే బీసీ-సీ అని నింపింది. కోరుకున్న కళాశాలలో సీటు రాలేదు. ఆ వారమంతా ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు. దేవుడు వెంటనే అంతకంటే మంచి సీటు ఇచ్చాడని సాక్ష్యం చెప్పగలిగితే బాగుండేది గాని, అలా జరగలేదు. ఆమె దూరపు ఊళ్లో సాధారణమైన కళాశాలలో చదివి, కష్టపడి తన కాళ్ల మీద తాను నిలబడింది.

కాగితం మీద నిజం రాయడంతో పౌరుడి బాధ్యత తీరిందని నేను అనుకోను. చట్టం అన్యాయంగా ఉన్నప్పుడు దాన్ని మార్చమని అడగడం కూడా విశ్వాసంలో భాగమే. ఆ 1950 నాటి ఉత్తర్వును ప్రశ్నిస్తూ 2004లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన 2022లో కేంద్రం కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. మా సంఘంలో నేను చేసిన పని చిన్నది. వినతిపత్రాలు రాసిపెట్టాను, సంతకం చేయడానికి జంకేవాళ్ల పక్కన కూర్చుని అది దేనికోసమో చదివి వినిపించాను. ఎస్సీ పత్రం ఉన్నవాళ్లు ఆ వినతిపత్రం మీద సంతకం చేయలేరని, చేస్తే దొరికిపోతామని భయపడతారని నాకు అప్పుడే అర్థమైంది. అబద్ధం మనిషి నోరు ఎలా కట్టేస్తుందో అంత దగ్గరగా మరెక్కడా చూడలేదు.

ఎన్నికల విధుల గురించి ఒక అనుభవం చెబుతాను. 2019 ఏప్రిల్ 11న వేరే నియోజకవర్గంలో ఒక పోలింగ్ కేంద్రానికి నేను ప్రిసైడింగ్ అధికారిని. యంత్రం మొరాయించి ఉదయం పోలింగ్ ఆలస్యమైంది, సాయంత్రం ఆరు గంటలకు ఇంకా పొడవాటి వరుస ఉంది. ఆ సమయానికి వరుసలో ఉన్నవారందరికీ అధికారి సంతకంతో చీటీలు ఇవ్వాలి. చివర నిలబడిన మనిషికి ఒకటో నంబరు ఇచ్చి అక్కడి నుంచి ముందుకు రావాలి, వెనక ఎవరూ చేరకుండా. నేను ఒకటో చీటీ ఒక ముసలాయనకు ఇచ్చి నాలుగడుగులు వేశానో లేదో, పొలం నుంచి ట్రాక్టరు మీద కూలీలు దిగారు, పాదాలకు ఇంకా బురద ఉంది. ఉదయం నమూనా పోలింగ్‌కు ముందు నేను తల వంచి ప్రార్థించడం చూసిన ఒక పార్టీ ఏజెంటు వచ్చి, "అయ్యగారూ, మీరూ విశ్వాసులే, వీళ్లూ మన పల్లె సంఘం వాళ్లే, మూడు నిమిషాలే కదా ఆలస్యం" అన్నాడు. కుదరదని చెప్పాను. వాళ్లు గొడవ చేయలేదు, కాసేపు నిలబడి వెళ్లిపోయారు. అర్ధరాత్రి దాటాక 17సీ ఫారంలో ఓట్ల లెక్క రాస్తున్నప్పుడు కూడా ఆ పాదాలే కళ్ల ముందు ఉన్నాయి. నియమం అందరికీ ఒకటే గనుక నేను చేసినది సరైనదే, కాని వాళ్లను చీకటి పడేదాకా చేలో ఉంచిన ఆసామిని ఆ రోజున ఎవరూ అడగలేదు. అందుకే 2024 మే 13 పోలింగ్‌కు ముందు మా ఊళ్లో సంఘ పెద్దలం నలుగురం కలిసి ఆసాముల ఇళ్లకు, మేస్త్రీల దగ్గరకు వెళ్లి, ఉదయం ఓటు వేశాకే పనికి పిలవమని అడిగాం. ఎక్కువమంది ఒప్పుకున్నారు.

ఓటుకు డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా నేరమే. మా ఇంటికి వచ్చిన కవరును నా భార్య గుమ్మం దగ్గరే తిప్పి పంపింది. కాని అదే ఎన్నికల ముందు ఒక నాయకుడు మా మందిరానికి పైకప్పు రేకులు వేయిస్తానంటే సంఘం ఒప్పుకుంది. వద్దని సమావేశంలో నేనొక్కణ్నే అన్నాను, నా మాట చెల్లలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ రేకుల కిందనే కూర్చుంటున్నాను, వాన పడినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది. ఇంకొకటి కూడా దాచకూడదు. మాల సంఘం, మాదిగ సంఘం అని మనలో మనమే వేరుగా కూర్చుంటున్నంత కాలం, బయటి సమాజాన్ని న్యాయం అడిగే మన గొంతు పూర్తిగా పలకదు. మా రెండు పల్లెల మధ్య ఒక పెళ్లి కుదర్చడానికి పాస్టరుగారూ నేనూ రెండేళ్లు తిరిగాం.

ఇప్పుడు మీ కార్యాలయం. లూకా సువార్త మూడో అధ్యాయంలో సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవారు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి మేమేం చేయాలని అడిగితే, ఆయన ఉద్యోగం మానేయమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. మీరూ ఆ కుర్చీలోనే ఉండండి. వాటా వద్దన్నప్పుడు కారణంగా బైబిలు వాక్యం చెప్పకండి, ఎదుటివారికి అది తమ మీద తీర్పులా వినిపిస్తుంది. "నాకు వద్దు సార్" అన్న మూడు మాటలు చాలు. దానికి బదులు వాళ్ల పనిలో సహాయపడండి. ఫైళ్లు పేరుకుపోయిన సహోద్యోగి దగ్గర అరగంట కూర్చోండి, సెలవులో ఉన్నవారి బల్ల చూడండి, వాళ్లింట్లో జబ్బు చేస్తే ఆసుపత్రికి అన్నం క్యారియరు తీసుకెళ్లండి. మీ దగ్గరకు వచ్చే రైతు కాగితంలో ఏదైనా తక్కువైతే ఏది తక్కువైందో అన్నీ ఒకేసారి చీటీ మీద రాసి ఇవ్వండి, మళ్లీ మళ్లీ బస్సు ఛార్జీ పెట్టి రాకుండా. నిదానంగా కదిలే ఫైలు కూడా లంచానికి దారి తీసేదే గనుక మీ బల్ల మీద ఏ కాగితం ఎన్నాళ్లున్నదో వారానికొకసారి చూసుకోండి.

ఒంటరిగా మాత్రం మోయకండి. మీ సంఘంలో నమ్మదగిన పెద్ద ఒకరికి సంగతి చెప్పి ఉంచండి. వాటా లేకుండా జీతంతోనే నెల గడవాలంటే ఇంట్లోవారి సమ్మతి ముందు కావాలి, ఎందుకంటే మీరు వద్దన్నదాని లోటు వంటింట్లో వాళ్లే చూస్తారు. ఈ శనివారం సాయంత్రమే మీ అమ్మగారితోనో మీ ఇంటావిడతోనో కూర్చుని అద్దె, పాలు, బియ్యం, మందులు, సంఘానికిచ్చే కానుక, అన్నీ ఒక కాగితం మీద రాయండి. మా ఇంట్లో ఆ లెక్క మొదటి మూడు నెలలూ తప్పింది, నాలుగో నెలలో కుదిరింది.