డిశ్చార్జి రాసిన రోజు గది అద్దె ఎవరు భరించాలి?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా నాన్నగారికి పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. ఉదయం రౌండ్లకు వచ్చిన సర్జన్ తొమ్మిది గంటలకే ఇంటికి వెళ్లవచ్చని కేస్ షీటులో రాశారు. బీమా కంపెనీ అనుమతి రాలేదంటూ రాత్రి ఎనిమిది దాటేవరకు మమ్మల్ని ఆపి, ఆ రోజు గది అద్దె, నర్సింగ్ చార్జీలు మా చేత కట్టించుకున్నారు. ఈలోగా వెళ్లిపోవాలంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని సంతకం పెట్టమన్నారు. మేము పెట్టలేదు. ఇది నిర్బంధం కాదా? మా డబ్బు తిరిగి వస్తుందా?
- ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: మీరు ఆ సంతకం పెట్టకపోవడం చాలా మంచిదైంది. ఇంకా చికిత్స అవసరమని వైద్యులు చెప్పినా వినకుండా వెళ్లిపోయే రోగి ఇచ్చే పత్రం అది. ఇంటికి వెళ్లవచ్చని సర్జనే స్వయంగా రాసిన తర్వాత అలాంటి కాగితం అడగడం వాస్తవానికే విరుద్ధం. రేపు కుట్ల దగ్గర చీము పట్టినా, మళ్లీ చేర్చవలసి వచ్చినా, ఆసుపత్రి ఆ కాగితం చూపి బాధ్యత తప్పించుకోజూస్తుంది, బీమా కంపెనీ కూడా దాని ఆధారంగా క్లెయిముపై అభ్యంతరాలు లేవనెత్తవచ్చు. ఎంత అలసటలో ఉన్నా ఈ ఒక్క సంతకం విషయంలో రోగి బంధువులు తొందరపడకూడదు.

డబ్బు సంగతికి వస్తే, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఆరోగ్య బీమాపై ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ మీకు ముఖ్యమైన ఆధారం. నగదురహిత (క్యాష్‌లెస్) చికిత్సలో, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన 3 గంటలలోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలనీ, ఆ గడువు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ మొత్తాన్ని కంపెనీయే తన వాటాదారుల నిధి నుంచి, అంటే పాలసీదారుల సొమ్ము నుంచి కాక తన సొంత డబ్బు నుంచి, భరించాలనీ అది నిర్దేశిస్తోంది.

అయితే ఈ 3 గంటలు డాక్టరు వెళ్లవచ్చని చెప్పిన క్షణం నుంచి కాక, ఆసుపత్రి పంపిన అభ్యర్థన కంపెనీకి చేరిన సమయం నుంచి మొదలవుతాయి. మీ వివాదమంతా ఇక్కడే తేలుతుంది. సర్జన్ రాసిన తర్వాత వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ల్యాబు బాకీలు చూడాలి, డిశ్చార్జి సమ్మరీ తయారు కావాలి, ఫైనల్ బిల్లు వేయాలి. ఆ తర్వాతే ఫైలు ఇన్సూరెన్స్ డెస్కు నుంచి కంపెనీకి వెళ్తుంది. ఉదయం తొమ్మిదికి రాసిన డిశ్చార్జి సాయంత్రం నాలుగు గంటలకు గానీ కంపెనీకి చేరలేదంటే, ఆ ఏడు గంటల జాప్యం ఆసుపత్రిది. పదకొండుకే చేరి, రాత్రి ఎనిమిదికి అనుమతి వచ్చిందంటే బాధ్యత కంపెనీది. మధ్యలో కంపెనీ ఏదైనా వివరణ అడిగి, ఆసుపత్రి ఆలస్యంగా జవాబిచ్చి ఉంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

కాబట్టి కేస్ షీటు నకలు, ఫైనల్ బిల్లు, అభ్యర్థన పంపిన సమయం, కంపెనీ నుంచి మీ ఫోనుకు వచ్చిన సందేశాలు ముందు సేకరించుకోండి. రోగి రికార్డులు అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలని వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి గనుక, లిఖితపూర్వకంగా అడిగి, మీ నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోండి.

ఇక నిర్బంధం గురించి. బిల్లు బాకీ ఉన్నా సరే, రోగిని పట్టి ఉంచే హక్కు ఆసుపత్రికి లేదు. రావలసిన డబ్బు కోసం సివిల్ దావా వేసుకోవచ్చు. 2017లో ఢిల్లీ హైకోర్టు ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇది ఉంది. వెళ్తామన్న రోగిని గేటు దగ్గర సెక్యూరిటీ అడ్డుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను కింద అక్రమ నిర్బంధం అవుతుంది, అప్పటికప్పుడు 112కు ఫోను చేయవచ్చు. మీ లేఖలో మాత్రం, ఎవరూ దారికి అడ్డు నిలిచినట్లు లేదు. అనుమతి కోసం వేచి ఉండమన్నారు, మీరు ఉన్నారు. ఇంతమాత్రంతో క్రిమినల్ కేసు నిలవడం కష్టం. ఆపరేషన్ అయిన పెద్దాయనను పగలంతా అలా కూర్చోబెట్టడం అమానుషమే గానీ, దాన్ని సేవాలోపంగా చూపడమే మీకు మేలు చేస్తుందని నా అభిప్రాయం.

జాప్యం కంపెనీదని తేలితే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా కంపెనీలపై ఫిర్యాదులను విచారించే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు; ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనిదే. ఆసుపత్రిపై ఫిర్యాదులు అంబుడ్స్‌మన్ వినరు. ఆసుపత్రిదైనా, ఇద్దరిదైనా తప్పుంటే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, కట్టిన అద్దెతో పాటు మానసిక వేదనకు పరిహారం కూడా కోరవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు 2 సంవత్సరాలు. ఆసుపత్రి సేవలు, బీమా సేవలు రెండూ ప్రజోపయోగ సేవలే గనుక అలాంటి సేవల వివాదాలను పరిష్కరించే, జిల్లా కోర్టు ప్రాంగణంలోని శాశ్వత లోక్ అదాలత్ కూడా మీకు అందుబాటులో ఉంది. ఒక రోజు అద్దె వంటి చిన్న మొత్తానికి, కోర్టు ఫీజు లేకుండా, రాజీకి అవకాశమిచ్చే ఆ మార్గాన్నే నేను సూచిస్తాను. కానీ అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదంపై మరో కోర్టుకు వెళ్లే వీలుండదు, వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ ఫిర్యాదు స్వీకరించరు. ఆ సమయాల వివరాలు చేతికి వచ్చాకే ఏ తలుపు తట్టాలో నిర్ణయించుకోండి.