పెంపకానికి వచ్చిన పాపకు పరీక్షలు: ఏది ముందు, ఏది తర్వాత

అమలాపురం దగ్గర మీ ఇంటికి ఫోస్టర్ కేర్ కింద నాలుగేళ్ల పాప వచ్చింది, టీకాల కార్డు లేదు, కాకినాడ తీసుకెళ్లి అన్ని పరీక్షలూ ఒకే రోజు చేయించేయనా అని అడిగారు. వద్దండి. వాటిలో కొన్ని ఒకదాన్నొకటి చెడగొడతాయి.

ముందు బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఉత్తర్వు జిరాక్సు దగ్గర పెట్టుకోండి. హెచ్‌ఐవీ పరీక్షకు సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. పాప పాత ఊరి ఏఎన్‌ఎం రిజిస్టరులో టీకాల వివరాలు దొరకొచ్చు, జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లచేత అడిగించండి. ఎక్కడా దొరక్కపోతే వేయనట్టే లెక్క: ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఐదేళ్లు నిండేలోపు, డీపీటీ ఏడేళ్లలోపు వేయించాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి డాక్టరు మాంటూ (చర్మంలోకి సూది వేసి చేసే టీబీ పరీక్ష) రాస్తే, ఎంఆర్ టీకా అదే రోజు వేయించాలి, లేదా టీకా వేసిన నాలుగు వారాల తర్వాతే మాంటూ చేయించాలి. టీకా ముందు పడితే టీబీ ఉన్నా మాంటూ పొంగకపోవచ్చు. బాగా చిక్కిన పిల్లల్లోనూ అంతే. మాంటూ వేయించాక 48–72 గంటల మధ్య చూపించాలి. గురువారం వేయిస్తే చూసే రోజు శని, ఆదివారాల్లో పడుతుంది, అందుకే సోమ, మంగళవారాలు మేలు. కొలవాల్సింది ఎరుపును కాదు, గట్టిపడ్డ వాపును.

రంపచోడవరం, చింతూరు మన్యం వైపు నుంచి వచ్చిన పాపైతే సికిల్‌సెల్ (వారసత్వంగా వచ్చే రక్తజబ్బు) కూడా చూడాలి. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే మూడు నెలలు ఆగాలి, లేకపోతే ఎక్కించిన రక్తమే ఫలితంలో కనిపిస్తుంది. బోదకాలు అనుమానం ఉంటే రక్తపు పూత రాత్రి ఎనిమిదిన్నర దాటాకే తీయించాలి, పగలు ఆ పురుగులు రక్తంలోకి పెద్దగా రావు. స్ట్రిప్ పరీక్షైతే పగలైనా ఫర్వాలేదు.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెవిలో చీము కారుతుంటే వినికిడి పరీక్ష అది తగ్గాకే. మాటలు, తెలివి వయసుకు తగ్గట్టు ఉన్నాయా అని చూసే ఎదుగుదల పరీక్ష మాత్రం కొత్త ఇంట్లో బెదిరిపోయి ఉన్న పిల్లకు తొందరపడి చేయించకండి. మాటలు వచ్చిన పిల్ల కూడా డాక్టరు ముందు నోరు విప్పదు, దాంతో మందబుద్ధి అని రాసేస్తారు. ఆ మాట ఫైలు వెంటే తిరుగుతుంది. తప్పనిసరై చేయిస్తే, ‘ఇంకా కుదురుకోలేదు’ అని పక్కన రాయమని అడిగి, మూడు నెలలకు మళ్లీ చేయించండి.