త్రీడీ కల్చర్‌లో కణితి చుట్టూ గట్టిదనం కొలవడానికి రియోమీటర్ చాలదా?

చాలదు. మీరు గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నారు, రొమ్ము క్యాన్సర్ కణాల ఉండల్ని కొలాజెన్ (ఒంట్లో కణాల చుట్టూ ఉండే పీచులాంటి ప్రోటీన్) జెల్‌లో పెంచారు, రియోమీటర్ రీడింగ్ ఒకటి రాసేస్తే సరిపోతుందని మీ గైడ్ అంటున్నారు. అచ్చం ఇదే మాట మీద నేను విజయవాడలో రెండేళ్లు వాదించాను.

రియోమీటర్ రెండు పలకల మధ్య జెల్‌ని మెలిపెట్టి, మొత్తానికి కలిపి ఒక్క అంకె ఇస్తుంది. కానీ కణాలు జెల్‌లో ఊరికే కూర్చోవు. కొలాజెన్ పీచుల్ని పట్టుకుని తమవైపు లాక్కుంటాయి, లాగినకొద్దీ ఆ పీచు బిగుస్తుంది. నూజివీడు రసం పండులో టెంక చుట్టూ పీచు ఎలా ఉందో తెలియాలంటే, పండు మొత్తాన్ని పిసికి చూస్తే ఏం తెలుస్తుంది?

చోటుచోటునా విడిగా కొలవాలంటే ఏఎఫ్‌ఎం కావాలి, అంటే సన్నటి రేకుతో నొక్కి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. మా దగ్గర అది లేదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌వాళ్లు ఒక పూట ఇచ్చారు. మే నెల. రెండు డిష్‌లు థర్మోకోల్ పెట్టెలో పెట్టి, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి పొద్దున్నే రైలెక్కాను. దారిలో ఇంక్యుబేటర్‌లోలా కార్బన్ డయాక్సైడ్ ఉండదు కాబట్టి మీడియంలో, అంటే కణాలు పెరిగే ద్రవంలో, పీహెచ్ మారకుండా ఉంచే హెపీస్ కలిపాను. పెట్టె కుదిపితే జెల్ అంచులు డిష్ నుంచి ఊడిపోతాయని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఖమ్మం దాటాక పక్కనున్న పెద్దాయన “ఏమ్మా, పెరుగా?” అని అడిగారు. తీరా చేరాక చూస్తే ఒక డిష్‌లో జెల్ ఊడి తేలుతోంది. మూడు వారాల పని. ఏడుపొచ్చింది.

రెండోది నిలబడింది. సన్నటి రేకు చివర పది మైక్రాన్ల పూస అంటించి, జెల్‌ని ఒకటి రెండు మైక్రాన్లు నొక్కుతూ పోయాం. ఉండకి దూరంగా మెత్తగా జున్నులా ఉంది. అంచుకి దగ్గరయ్యేకొద్దీ గ్రాఫ్ నిటారుగా లేచింది. ఒకే డిష్, ఒకే జెల్, మిల్లీమీటరు కూడా లేని దూరం! ఇక ఆ రోజు నుంచి ఒక్క అంకెతో గట్టిదనం రాసిన పేపర్ కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎంత లోతు నొక్కారో, ఎంత వేగంతో నొక్కారో రాయరు, దశాంశ స్థానాలు మాత్రం రెండు ఉంటాయి.

ఏఎఫ్‌ఎంకి అందేది పైపొరే. ఉండ లోతుగా మునిగి ఉంటే మీరు కొలిచేది దాని చుట్టూ ఉన్న జెల్ కాదు. అలాగని జెల్ మరీ పల్చగా పోస్తే అడుగునున్న ప్లాస్టిక్ తగులుతుంది, దాని గట్టిదనం గిగాపాస్కల్స్‌లో ఉంటుంది (గట్టిదనాన్ని పాస్కల్స్‌లో కొలుస్తారు, గిగా అంటే వంద కోట్లు). 2005లో క్యాన్సర్ పరిశోధకురాలు వాలెరీ వీవర్ బృందం ఎలుకల మీద చూపించింది: మామూలు క్షీర గ్రంథి 170 పాస్కల్స్ దగ్గర, కణితి 4000 చుట్టూ. అంత తేడాని గిగాపాస్కల్స్ ప్లాస్టిక్ మింగేస్తుంది.

నాకు ఇంత పట్టుదల ఎందుకంటే మా పెద్దమ్మ. స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. నొప్పి లేదుగా అని ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు. చివరికి గుంటూరులో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ అన్న మాట, “గడ్డ శనగ్గింజంతే ఉందండీ, దాని చుట్టూ మాత్రం ఇంతమేర బిగిసిపోయింది.” నేను రైల్లో మోసుకెళ్లి కొలిచింది ఆ “ఇంతమేర”నే. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు. నొప్పి లేకపోతే ఫర్వాలేదు అనే మాట మన ఇళ్లలో ఎవరు మొదలుపెట్టారో గానీ, అది వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

గైడ్‌తో గొడవ పెట్టుకోకండి. కణాలు వేయని జెల్‌కి రియోమీటర్ కొలత సరైనదే, అదీ రాయండి. దాని పక్కన ఉండ అంచు నుంచి దూరం, ఆ దూరంలో గట్టిదనం చూపించే గ్రాఫ్ పెట్టండి. ఏఎఫ్‌ఎం దొరక్కపోతే కనీసం ఫ్లోరసెంట్ పూసలు కలపండి. కణాలు జెల్‌ని ఎటు, ఎంత లాగాయో మైక్రోస్కోప్ కింద కనిపిస్తుంది. అది గట్టిదనం కొలత కాదు, కానీ ఎక్కడ కొలవాలో చెబుతుంది. జెల్ పోసేటప్పుడే కలపాలి, గడ్డకట్టాక కుదరదు.