పది నెలల స్టైపెండ్, పన్నెండు నెలల ఖర్చు

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీలో బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. బీటెక్ పిల్లల బయాలజీ కోర్సుకు, బయోటెక్ ల్యాబులకు టీచింగ్ అసిస్టెంట్‌ని. నెలకు 26 వేలు ఇస్తారు. మే, జూన్‌లలో క్లాసులుండవు, డబ్బూ రాదు. ఈ వేసవిలో హాస్టల్ ఫీజుకు లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాను, అది కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాను. జూలైలో స్టైపెండ్ మళ్లీ మొదలైంది. ఇప్పుడు యాప్‌లకు 32 వేలు, క్రెడిట్ కార్డుకు 18 వేలు బాకీ. సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) వేసినది 36 వేలైంది. తెనాలిలో అమ్మకు పంపేదాంతో కలిపి నెల ఖర్చు 16 వేలు. 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని బాకీలు తీర్చి, మిగిలింది ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పెట్టమని స్నేహితురాలు అంటోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా. దరఖాస్తు ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల ధరలు ఎటు కదులుతాయో పందెం కాసే కాంట్రాక్టుల్లో) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారని 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. అప్పు తెచ్చి మరీ ఆ 93 మందిలో చేరతారా?

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి అసలు కారణం వేరే ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీ, టీచింగ్ అసిస్టెంట్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. మీ ఆదాయం 26 వేలు కాదు. పది నెలలకు వచ్చే 2,60,000 రూపాయలను పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 21,700. మే నెల ప్రతి ఏడూ వస్తుంది, అది అనుకోని ఖర్చు కానే కాదు. స్టైపెండ్ పడిన రోజే 4,300 వేరే ఖాతాలోకి పంపేయండి. ఏప్రిల్‌కల్లా 43 వేలవుతాయి. వేసవి రెండు నెలలూ అందులోంచే మీ జీతం మీరే తీసుకోండి.

ఇది ఎమర్జెన్సీ ఫండ్ అని మాత్రం అనుకోవద్దు. ఇది మీ జీతమే, కాస్త ఆలస్యంగా చేతికొస్తుంది, అంతే. అమ్మకు ఒంట్లో బాగోకపోయినా, వచ్చే సెమిస్టర్‌కు మీకు కోర్సు ఇవ్వకపోయినా ఆదుకునే నిధి వేరుగా ఉండాలి. నెలలవారీ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు మూడు నెలల ఖర్చు చాలదు, ఆరు నెలలది కావాలి. మీ లెక్కన 96 వేలు. అదేదో పెద్ద ఉద్యోగం వచ్చాక చూసుకునే పని కాదు. ఈ వేసవిలో చేతిలో 30 వేలున్నా మీరు ఆ యాప్ గడప తొక్కేవారే కాదు.

సిప్ వెంటనే ఆపండి. ఒక పక్క యాప్‌కు వడ్డీ కడుతూ ఇంకో పక్క పొదుపు చేస్తున్నామనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఆ 36 వేలు తీసి రెండు యాప్‌ల బాకీ పూర్తిగా కట్టేయండి. లోన్ మూసినట్టు లేఖ తీసుకుని, యాప్‌లు ఫోన్‌లోంచి తీసేయండి. యాప్‌లవాళ్లు మీ ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి వెళ్లడం ఆర్‌బీఐ నిబంధనలకు విరుద్ధం, ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యాప్‌లు పోగా మిగిలిన 4 వేలు కార్డుకు కట్టండి. ఆ తర్వాత 21,700లో ఖర్చు పోగా మిగిలే 5,700 కూడా నెలనెలా కార్డుకే వెళ్లాలి. మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టి ఊరుకుంటే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు అంతకంటే ఎక్కువే వడ్డీ పడుతుంది. పాత బాకీ ఉండగా కొత్తగా గీకితే, గీకిన రోజు నుంచే వడ్డీ. మూడు నెలల్లో తీరిపోతుంది. తర్వాత అదే 5,700 ఎమర్జెన్సీ ఫండ్‌కు మళ్లిస్తే ఏడాదిన్నరలో 96 వేలవుతాయి. సేవింగ్స్‌లో, చిన్న ఎఫ్‌డీల్లో ఉంచితే చాలు.

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, ఆ పరీక్ష రాయండి. కానీ ఫెలోషిప్ కూడా నెలలు ఆలస్యమవుతుంటుంది, దాన్ని చూసుకుని అప్పు చేయకండి. వేసవిలో విజయవాడ నీట్ కోచింగ్ సెంటర్లలో బయాలజీ డౌట్లు చెప్పే పని దొరకొచ్చు, ముందు మీ గైడ్‌ని అడగండి. అమ్మకు ఆరోగ్య బీమా లేకపోతే ఎమర్జెన్సీ ఫండ్ 30 వేలు దాటగానే చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేదు. వచ్చే సెమిస్టర్‌కు మీ పేరు ఉందో లేదో మాత్రం నవంబరులోనే డిపార్ట్‌మెంట్‌లో అడిగి, కాగితం మీద రాయించుకోండి.