పొద్దు నాలుగింటికే గూకే ఊళ్లో నాలుగు రాత్రులు
(చలికాలపు వియన్నా ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదు, ఐటీ రిటర్నులు వేయలేదు. నా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. మా ఇద్దరికీ వీసా వస్తుందా?

ఆదాయం ఎక్కడిదో కాగితాల మీద చూపగలిగితే వ్యవసాయం అడ్డు కాదు. చిక్కంతా బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది. ఉద్యోగికి నెలనెలా జీతం పడుతుంది. రైతుకు వానాకాలం వడ్లకోసారి, యాసంగి వడ్లకోసారి పెద్ద మొత్తం పడుతుంది. దరఖాస్తుకు నెల ముందు నాలుగు లక్షలు ఒక్కసారే జమైతే, వీసా కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేశారేమోనని అధికారికి అనుమానం వస్తుంది. అందుకే ఆ జమ పక్కన వడ్లు కొన్న ఐకేపీ సెంటర్ రసీదు గానీ మార్కెట్ యార్డు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) గానీ పెట్టండి. పట్టాదారు పాసుపుస్తకం నకలుకు ఇంగ్లిష్ అనువాదం జత చేయండి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఏడాదికి ఎంత వస్తుంది, మీరు లేని వారం రోజులు పొలం ఎవరు చూస్తారు అనేవి ఒక్క పేజీ లేఖలో రాయండి. తిరిగి వస్తారన్న నమ్మకం కలగడానికి ఆ ఆఖరి వాక్యం చాలా పనికొస్తుంది.

ఇంటిపేరు మార్చుకోనక్కర్లేదు. పెళ్లి రిజిస్టర్ చేయించి సర్టిఫికెట్ పెడితే సరిపోతుంది. విమానం టికెట్ మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

వియన్నా ఆస్ట్రియా దేశంలో ఉంది కాబట్టి మీకు కావలసింది షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. ట్రావెల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణానికి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు తీసుకుంటారు గానీ, అంతదాకా ఆగొద్దు. రెండు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోండి.

మహబూబ్‌నగర్ నుంచి మేమిద్దరం వెళ్తున్నాం. నాలుగు రాత్రులే ఉంటాం. ఏ తేదీలు మంచివి? రోజుకు ఎన్ని చూడొచ్చు?

రోజుకు రెండే. వెలుతురు ఉన్నప్పుడు ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. డిసెంబరు ఆఖర్లో మనకు 11 గంటల పొద్దుంటుంది. వియన్నాలో ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. ఉదయం 7:40కి తెల్లవారి, సాయంత్రం 4 దాటగానే పొద్దు గూకుతుంది. ఇది లెక్కలో పెట్టుకోక రోజుకు ఐదారు చోట్లు రాసుకున్న వాళ్లు తోటల్లో చీకట్లో తిరుగుతారు, మ్యూజియంలో వెలుతురంతా పోగొట్టుకుంటారు.

షోన్‌బ్రున్ రాజభవనానికి ఉదయం మొదటి స్లాటు టికెట్ ఆన్‌లైన్‌లోనే కొనండి. యూ4 మెట్రోలో వెళ్తే స్టేషన్ పేరే షోన్‌బ్రున్. ఈ భవనంలో 1,441 గదులున్నాయి, చూపించేది అందులో కొన్నే. గంటలో ముగుస్తుంది. బయటికి రాగానే వెనక గుట్ట మీదున్న గ్లోరియెట్ మంటపం దాకా నడవండి. అక్కడి నుంచి ఊరంతా కనబడుతుంది. తోటకు టికెట్ లేదు. మర్నాడు ఉదయం స్టెఫాన్స్‌డోమ్ చర్చి. దక్షిణ గోపురానికి 343 మెట్లు, దారి ఇరుకు, గుండ్రంగా తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టు ఉన్న ఉత్తర గోపురం ఎక్కండి. మూడో రోజు బెల్వెడేర్ రాజభవనం. క్లిమ్ట్ గీసిన 'ముద్దు' చిత్రం అక్కడి రెండు భవనాల్లో ఎగువ దాంట్లో (అప్పర్ బెల్వెడేర్) ఉంది. కళా చరిత్ర మ్యూజియం లాంటివి సాయంత్రాలకు ఉంచుకోండి. అది గురువారం రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు.

మొదటి రాత్రికి మాత్రం ఏమీ పెట్టుకోవద్దు. చలికాలంలో వియన్నా మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 7 అంటే మీ ఒంటికి రాత్రి పదకొండున్నర.

తేదీల్లో డిసెంబరు మొదటి రెండు వారాలు అన్నిటికంటే మంచివి. టౌన్‌హాల్ ముందు క్రిస్మస్ సంత నవంబరు నడిమి నుంచి డిసెంబరు 26 దాకా ఉంటుంది. శని, ఆదివారాల్లో అక్కడ అడుగు తీసి అడుగు వేయలేం, మామూలు రోజుల్లో వెళ్లండి. అక్కడ మద్యం కలిపిన వేడివేడి పానీయం 'పంచ్'ను పింగాణీ కప్పులో ఇస్తారు. కప్పుకు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఆ డబ్బు చేతికిస్తారు. మందు లేనిది కావాలంటే 'కిండర్‌పున్ష్' అనండి. 24న మధ్యాహ్నానికే దుకాణాలు మూస్తారు, 25, 26 పూర్తిగా సెలవు. ఆ మూడు రోజులు తప్పించండి. ఖర్చు తగ్గాలంటే జనవరి రెండో సగం. సంత ఉండదు, మ్యూజియాలు ప్రశాంతంగా ఉంటాయి.

మంచు పడుతుందన్న హామీ ఏ తేదీకీ లేదు. చాలా రోజులు బూడిదరంగు మబ్బే.

వనపర్తి నుంచి: నేను చీరలే కడతాను. చలికి లావు స్వెటర్ ఒకటి కొంటే చాలా?

చాలదు. బయట సున్నా డిగ్రీలు, లోపల హీటర్లతో 20కి పైన. రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిరుగుతారు. లావు స్వెటర్‌తో లోపల చెమట పట్టి, బయటికి రాగానే ఆ తడే ఒళ్లు కొరుకుతుంది. అందుకే మూడు పొరలు. ఒంటికి అంటుకుని థర్మల్, దాని మీద సన్నని ఉన్ని స్వెటర్, పైన గాలీ తడీ దూరని కోటు. థర్మల్ నూలుది వద్దు, చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. ఉన్ని తడిసినా వెచ్చదనం వదలదు. గొంగడి కప్పుకున్న పాలమూరు గొర్లకాపర్లకు ఇది తెలిసిన విషయమే.

చీర కట్టొచ్చు. మామూలు లంగా బదులు ఉన్ని లెగ్గింగ్స్ మీద థర్మల్ లంగా వేసి, చీర కుచ్చిళ్లు చీలమండ పైకే కట్టండి. కుచ్చిళ్లు నేలకు తగిలితే కరిగిన మంచు నీళ్లు పీల్చుకుని మోకాలి దాకా తడి ఎక్కుతుంది. రాత్రి బయటికి వెళ్లేటప్పుడు చుడీదారే మేలు.

చెప్పులు వద్దే వద్దు, జాలీ ఉన్న స్పోర్ట్స్ షూ కూడా పనికిరాదు. నీళ్లు దూరని, అడుగు గరుకుగా ఉన్న బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి. ఉన్ని సాక్సుతో బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారుతాయి. ఫోను కోటు లోపలి జేబులో ఉంచండి. చలికి బ్యాటరీ గబగబా పడిపోతుంది.

దేవరకొండ నుంచి: మేం శాకాహారులం. పచ్చళ్లు, పొడులు తీసుకుపోవచ్చా?

మామిడి పచ్చడి, పల్లీల పొడి, సకినాలు తీసుకుపోవచ్చు. పాలతో చేసినవేవీ వద్దు. నెయ్యి, కోవా, పాలకోవా బిళ్లలు, అలాగే మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా కుదరదు. ఎండబెట్టి పొడి చేసి తీసుకెళ్లండి. పచ్చడి సీసా చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. చేతిసంచిలో ఉంటే ద్రవపదార్థం కింద లెక్కేసి 100 మిల్లీలీటర్లు దాటినది తీసేస్తారు.

హోటల్లో సూప్ దగ్గర జాగ్రత్త. 'ఫ్రిటాటెన్‌సూపే'లో కనబడేవి దోశ ముక్కల్లాంటి పట్టీలే, రసం మాత్రం గొడ్డు మాంసానిది. 'వెగెటారిష్' అని అడిగి తీరాలి. చీజ్‌తో చేసే 'కేజ్‌ష్పెట్స్లె' మాంసం లేనిదే, పిండిలో గుడ్డు ఉంటుంది. వీధిలో బొగ్గుల మీద కాల్చే చెస్ట్‌నట్‌లు కడుపు నింపుతాయి, చేతులు కూడా వేడెక్కుతాయి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి. పెద్ద రైల్వేస్టేషన్లలోవి తెరుస్తారు.

సూర్యాపేట నుంచి: ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎలా?

ఎదురుగా కనబడే ఆకుపచ్చ 'క్యాట్' రైలు 16 నిమిషాల్లో ఊరి నడుమ ఉన్న వీన్ మిట్టే స్టేషన్‌కు చేరుస్తుంది, ఖరీదు చాలా ఎక్కువ. ఎస్7 లోకల్ రైలు అక్కడికే సుమారు 25 నిమిషాల్లో పోతుంది. ఎయిర్‌పోర్టు నగర జోను బయట ఉంది కాబట్టి సిటీ పాసు ఉన్నా అదనపు టికెట్ తీయాలి. మెట్రోకు గేట్లుండవు, మామూలు బట్టల్లో తనిఖీ వాళ్లొస్తారు. కాగితం పాసును మొదటిసారి ఎక్కేముందు నీలం పెట్టెలో పెట్టి ముద్ర వేయించండి. లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. ముద్ర ఒక్కసారే, మళ్లీ మళ్లీ కొట్టొద్దు.