యోనా అక్కడెందుకు పడుకున్నాడు?

తమ్ముడూ,

తొలి క్రైస్తవ కళ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, కనిపిస్తోంది. కానీ చేప అంటే క్రీస్తు, లంగరు అంటే నిరీక్షణ, నెమలి అంటే అమరత్వం అంటూ రెండు పేజీలు నింపేశావు. ఆ అర్థాలు ఎవరికైనా దొరుకుతాయి. ఆ బొమ్మ ఏ గోడ మీద ఉంది, ఆ గోడ దగ్గరికి ఎవరొచ్చేవాళ్లు? అది నువ్వు రాయాలి.

యోనా సంగతే తీసుకో, బైబిల్లో పెద్ద చేప మింగి మళ్లీ కక్కేసిన ప్రవక్త. రోమ్ కాటకూంబ్‌లలో, అంటే మెత్తటి రాతిని తొలిచిన భూగర్భ సమాధుల్లో, మూడో శతాబ్దం నుంచి అతను పదేపదే కనిపిస్తాడు. నువ్వు 'తిమింగలం' అని రాసేశావు. ఫొటో పెద్దది చేసి చూడు. పొడవాటి మెడ, నిక్కిన చెవులు, మెలికలు తిరిగిన తోక. రోమన్ చిత్రకారులకు అంతకుముందే చెయ్యి తిరిగిన సముద్ర రాక్షసి అది. దాని నోట్లోంచి బయటపడ్డ యోనా సొరపాదు కింద ఒంటిమీద నూలుపోగు లేకుండా, ఒక చెయ్యి తలమీదికి మడిచి హాయిగా పడుకుంటాడు. ఆ భంగిమ గ్రీకు పురాణాల్లో నిద్రపోయే ఎండిమియన్‌ది. బైబిల్లోనేమో సొరచెట్టు మర్నాడే వాడిపోతుంది, యోనా చావే నయమంటాడు. చిత్రకారులు చాలావరకు ఆ కోపాన్ని వదిలేసి విశ్రాంతినే తీసుకున్నారు. పక్కనే సమాధి గూట్లో ఉన్నది ఎవరి తల్లో, ఎవరి బిడ్డో కదా. నాకైతే కారణం అదేననిపిస్తుంది.

అన్నట్టు, క్రైస్తవులు అక్కడ దాక్కుని బతికారన్న సినిమా కథ కొట్టెయ్. అవి శ్మశానాలు. 313లో మతస్వేచ్ఛ వచ్చాక కూడా అక్కడే పాతిపెట్టారు.

మంచి కాపరికి, అంటే గొర్రెల కాపరి రూపంలో చూపే క్రీస్తుకి, నువ్విచ్చింది ఒక్క వాక్యం! సిరియాలోని దూరా యూరోపోస్‌లో, చర్చిగా మార్చుకున్న ఓ ఇంటి బాప్తిస్మపు గదిలో, అతను గొర్రెను భుజాల మీద మోస్తుంటాడు. 256 ప్రాంతంలో ముట్టడికి భయపడి రోమన్ సైన్యం కోటగోడ బలానికి ఆ ఇంటిని మట్టితో నింపేసింది, అందుకే బొమ్మ మిగిలింది. ఐదో శతాబ్దంలో ఇటలీలోని రవెన్నాకి వస్తే, రోమన్ మహారాణి గల్లా ప్లాసిడియా పేరిట ఉన్న సమాధి మందిరంలో అదే కాపరి బంగారు వస్త్రం కట్టి దర్జాగా కూర్చున్నాడు. చేతిలో కర్రకు బదులు సిలువ. గొర్రె భుజం దిగిపోయింది, దాని మూతిని మాత్రం నిమురుతున్నాడు. ఈలోగా చక్రవర్తులే క్రైస్తవులయ్యారు, కోర్టులు, సభలు జరిగే రోమన్ హాళ్ల నమూనాలో బసిలికా చర్చిలు లేచాయి. వ్యాసాన్ని ఈ మార్పు చుట్టూ అల్లు.

సిలువతో మొదలయ్యే ఆ పేరా మాత్రం తీసెయ్. సిలువపై క్రీస్తు బొమ్మ ఐదో శతాబ్దం దాకా చాలా అరుదు. రోమ్‌లో సాంతా సబీనా చర్చి చెక్కతలుపు మీద ఉన్నది తొలివాటిలో ఒకటి, అందులోనూ సిలువ సరిగ్గా కనబడదు. సవరించాక మళ్లీ పంపు, పత్రికవాళ్లకి అప్పుడే ఇవ్వకు.

మీ అన్నయ్య